మొద్దని తిప్పి పంపిన కత్తులు

మా నాయనతో బజారుకు పోవడమే ఒక తలనొప్పి. అందులో కత్తి కొనడానికి పోవడమంటే ఇంక చెప్పనక్కర్లేదు. వంకాయలు కొనేటప్పుడు గంపంతా తిరగేసే ఆడవాళ్ళను చూసి నవ్వే మనిషి, కత్తి దగ్గరికి వచ్చేసరికి వాళ్ళను మించిపోయేవాడు. ఇది ఎనభైల మొదట్లో మాట. నాకప్పుడు ఇరవై దాటాయి. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఉండేది నేనూ నాయనా, నా కుట్టుమిషనూ. పెండ్లి మాట ఎవరైనా ఎత్తితే కరిచేంత పని చేసేదాన్ని. నా నోటికి మా వీధిలో అప్పటికే మంచి పేరుండేది.

ఎమ్మిగనూరులో మాది దూదేకుల ఇల్లు. నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. దానితో పాటు మా వీధిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పొట్టేళ్ళు కోసేవాడు. మా వైపు సాయిబుల ఇళ్ళలోనే కాదు, ఎవరింట్లో పెండ్లయినా మొక్కుబడయినా పొట్టేలు మెడ మీద కత్తి పెట్టేది సాయిబే. ఆయన బిస్మిల్లా అని కోస్తేనే, వచ్చిన చుట్టాలూ స్నేహితులూ ఏ మతం వాళ్ళయినా ఒకే కూర వడ్డించుకుని తినొచ్చు. కోసినందుకు మెడ తునక ఆయనదే. ఆ తునక మా తాత కాలం నుంచీ మా ఇంటికి వస్తూ ఉంది. ఒకసారి ఎవరైనా ఇంకో సాయిబును పిలిచారంటే ఇక ఆ ఊరు మనది కాదు, మళ్ళీ పిలవరు.

ఆ పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. పొట్టేలు చూస్తుండగా కత్తి నూరకూడదు. అసలు కత్తి దాని కంట పడకూడదు. మెడ మీద పెట్టిన కత్తి పని అయ్యేదాకా పైకి లేపకూడదు. అంచున వెంట్రుకంత గంటున్నా అది చర్మానికి తగులుకుని ఆగుతుంది, ఆగిందంటే ఆ మూగజీవి పడే బాధ మన మెడకు చుట్టుకుంటుందని నాయన భయం. అందుకే మెరిసే కత్తులంటే ఆయనకు గిట్టదు. మడిచే కత్తిని చేత్తో కూడా తాకడు. బారు కత్తి కావాలి, దాని ఇనుము పిడి చివరిదాకా లోపలికి దిగి ఉండాలి, మధ్యలోనే ఆగిపోతే పిడి ఊడి చేతికొస్తుంది. కత్తిని గోరుతో మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు. వెలుతురుకు ఎత్తి పట్టి అంచు వెంబడి చూసేవాడు. ఇవన్నీ అయ్యాక బొటనవేలు అంచుకు అడ్డంగా మెల్లగా ఆడించేవాడు. చివరి తీర్పు ఆ వేలిదే. కండ్లను నమ్మొద్దు, వేలును నమ్మాలని నాకు చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు. నా కత్తెరలు కూడా నేను అట్లాగే చూసుకునేదాన్ని.

ఆయన కత్తులన్నీ మా వీధి చివరి కొలిమాయన చేసినవే. వాళ్ళిద్దరిదీ ఒక ఈడు. లారీ కమాను పట్టాను కాల్చి సాగదీసి కొలిమాయన చేసే కత్తి చూడటానికి నల్లగా మొరటుగా ఉండేది గానీ, ఏళ్ళ తరబడి పదును పోయేది కాదు. పరుపుల పని లేని రోజు నాయన పొద్దంతా ఆ కొలిమి దగ్గరే కూర్చునేవాడు. ఒకరి బీడీ ఇంకొకరు కాల్చుకునే స్నేహం.

ఆ స్నేహం చెడింది. పాత కత్తి అరిగిపోయిందని నాయన కొత్తది చేయమన్నాడు. చేశాక వేలు పెట్టి చూసి, మొద్దుగా ఉందని తిప్పిచ్చాడు. కొలిమాయన ఇంకొకటి చేశాడు. అదీ మొద్దేనన్నాడు. నలుగురు కూర్చున్న చోటే అన్నాడు. ఇనుము మంచిది కాదనీ, ముసలితనంలో పనితనం తగ్గిందనీ నోటికొచ్చింది అన్నాడు. కొలిమాయన ఒక్క మాటా అనలేదట, రెండో కత్తిని కూడా తీసుకుని లోపల పెట్టేశాడట. ఆ మాట ఊరంతా పాకింది. సాయిబే వద్దన్న కత్తి మనకెందుకని జనం కొలిమాయన దగ్గర కత్తులు చేయించుకోవడం తగ్గించారు. తప్పుంది కాబట్టే నోరెత్తలేదని నేనూ అనుకున్నాను. ఎదురుపడినా పలకరించకుండా మూతి తిప్పుకునే పోయేదాన్ని.

ఆ తర్వాత దాదాపు ఏడాది నాయన పాత కత్తితోనే నెట్టుకొచ్చాడు, ఒక కందూరికీ దానితోనే పోయాడు. దర్గాలో మొక్కుకున్నవాళ్ళు అక్కడే పొట్టేలు కోసి, వండి, అందరికీ పెట్టడమే కందూరి. ఆ రోజు కత్తి మధ్యలో ఆగింది. నాయన చేతిలో పిడి తిరిగిపోయిందని చూసినవాళ్ళు చెప్పారు. పొట్టేలు అరిచిన అరుపుకు మొక్కుకున్న ఇంటి ఆడవాళ్ళు చెవులు మూసుకుని ఏడ్చారట. నాయన ఇంటికి వచ్చి ఏమీ తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మెడ తునక తీసుకురాలేదు. అడిగితే, కత్తి మోసం చేసిందన్నాడు.

ఇంక వారం తిరగకుండానే దేవనకొండ దారిలో ఒక పల్లె నుంచి రైతు వచ్చాడు. ఆయన భార్య చావు దాకా పోయి బతికింది. వచ్చే గురువారం ఆమె పేరున కందూరి. మంచం మీద కూర్చుని, నేనిచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, నేల చూపులు చూస్తూ అన్నాడు.

"సాయిబన్నా, నిన్ను కాదనాలంటే నాకు నోరు రాదు. కానీ ఇది ఇంటిదాని ప్రాణానికి మొక్కిన మొక్కు. మంచి కత్తి తెచ్చుకో. లేదంటే పక్కూరి సాయిబును పిలిపిస్తా. ఏమనుకోవాకు."

నాయన ముఖం మాడిపోయింది. నా ఒళ్ళు మండింది. ఆ రైతు మీద కాదు, కొలిమాయన మీద. మంచి కత్తి చేసి ఉంటే ఇంత దూరం వచ్చేదా? మరునాడే ఆదోనికి పోదామన్నాను. ఎంతయినా సరే, ఉన్నవాటిలో మేలైనది కొనాలన్నాను.

ఆదోని బజారులో ఇనుప సామాన్ల అంగళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. పత్తి బండ్లు అడ్డం పడి, జనం తిట్టుకుంటూ ఉండే వీధి. మొదటి అంగట్లో నాయన చేయి పెట్టిన ప్రతి కత్తీ మొద్దే అన్నాడు. రెండో అంగట్లోనూ అంతే. ఆ తర్వాతి అంగడి వాడు మమ్మల్ని చూసి ముందే తల అడ్డంగా ఊపాడు, పక్క అంగట్లో జరిగిన భాగోతం చూశాడు కదా. ఎండకు నా తల పగిలిపోతోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ కాలంలో ఇనుమే చెడిపోయిందా, లేక నీకే మొండిపట్టు పట్టిందా అని నడివీధిలో అడిగాను. ఆయన వినిపించుకోలేదు. తలకు చుట్టిన తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఇంకో అంగడి ఎక్కాడు.

అది పెద్ద అంగడి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న సాయిబు ఓపికమంతుడు. తన దగ్గరున్న మేలైన కత్తిని లోపలి పెట్టెలోంచి తీసి, నూనె గుడ్డ విప్పి చూపించాడు. దాని ధర వింటే నా గుండె ఝల్లుమంది. కానీ కత్తి చూస్తే ఎవరైనా ఆ ధర పెట్టొచ్చు అనిపించింది. వీపు మందంగా ఉంది, అంచు దాకా ఎక్కడా వంకర లేకుండా సన్నబడుతూ వచ్చింది. పిడి రెండు చెక్కల మధ్య ఇనుము చివరిదాకా కనిపిస్తోంది. నాయన గోరుతో మీటాడు. నాకే వినిపించింది ఆ మోత. వెలుతురుకు ఎత్తి చూశాడు. హమ్మయ్య అనుకున్నాను. చివరగా బొటనవేలు పెట్టాడు. ఆడించాడు. ఇంకొంచెం అదిమాడు. ఇంకా అదిమాడు.

"ఇదీ మొద్దే" అన్నాడు.

అంగడి సాయిబు ఆయన ముఖం వైపు చూడలేదు, చేతి వైపు చూశాడు. నేనూ చూశాను. నాయన బొటనవేలు లోతుగా తెగింది. రక్తం మణికట్టు మీదుగా కారి చొక్కా చేతిలోకి పోతోంది. నాయన మాత్రం ఇంకా కత్తిని అటూ ఇటూ తిప్పి చూస్తూ, మొద్దు కత్తికి ఇంత ధరేమిటని ఆయనతో గొడవ పడుతున్నాడు.

"చాచా, నీ చెయ్యి సూసుకో" అన్నాడు అంగడి సాయిబు, మెల్లగా.

నాయన చూసుకున్నాడు. గభాలున చేయి వెనక్కు తీసుకుని తువ్వాల్లో చుట్టేశాడు. వేలు తెగిన మనిషి అబ్బా అనాలి కదా, అనలేదు. తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. డబ్బు ఇచ్చేసి, కత్తి గుడ్డలో చుట్టించుకుని బయటపడ్డాం. అంగడి సాయిబు ధర తగ్గించాడు. నేను అడగలేదు.

బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తున్నాడు. నాకు బడి రోజులు గుర్తొచ్చాయి. ఏడాదికొకసారి సర్కారు ఆసుపత్రి నుంచి ఒకాయన సైకిలు మీద బడికి వచ్చేవాడు. మా వీపులు, చేతులు చూసి, ఎక్కడైనా పాలిపోయిన మచ్చ ఉంటే కండ్లు మూసుకోమని కోడి ఈకతో తాకి, ఎక్కడ తాకానో చెప్పమనేవాడు. చెప్పలేని పిల్లల్ని పక్కన నిలబెట్టేవాడు. ఒక పిల్లను అట్లా నిలబెట్టాక ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. ఆ పిల్ల కూర్చున్న చోట మేమెవరం కూర్చోలేదు.

కుట్టుపని చేసేదాన్ని కాబట్టి నా పైటకు ఎప్పుడూ ఒక సూది ఉండేది. దాన్ని తీశాను. నాయన ముంజేతి మీద, బొటనవేలి వైపు, మెల్లగా గుచ్చాను. ఆయన కదల్లేదు. ఇంకొంచెం పైన గుచ్చాను. ఆయన రోడ్డు పక్క పత్తి చేలను చూస్తూనే ఉన్నాడు. మోచేయి దాటాక గుచ్చితే ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. నా చేతిలో సూది చూశాడు. నా కండ్లలో నీళ్ళు చూశాడు.

ఎమ్మిగనూరులో బస్సు దిగాక ఇంటికి పోకుండా, ఊరి బయట పత్తి మిల్లు గోడ నీడన నిలబెట్టి అడిగాను. ఆయన చొక్కా చేయి పైకి లాగి చూపించాడు. మోచేతి కింద అరచేయంత పాలిపోయిన మచ్చ. ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా ఎందుకు తొడుగుతాడో నాకు అప్పుడు తెలిసింది.

"పోయినేటి నుంచి ఉండాది పాపా. దురద లేదు, నొప్పి లేదు. నొప్పి లేనిదానికి మందేందని ఊరుకుంటి."

"అది ఏం రోగమో నీకు తెల్సు గదా నాయనా?"

"తెల్సు. ఆ పేరు అనొద్దు."

నేనూ అనలేదు. పెద్దరోగం అనే మాట ఒక్కసారి వీధిలో పడిందంటే ఆయన కోసిన మాంసం ఎవరూ ముట్టరు. ఆయన కుట్టిన పరుపును తగలబెడతారు. నా మిషను దగ్గరికి ఒక్క జాకెట్టు గుడ్డ రాదు. ఇవన్నీ నాకు భయమే. కానీ ఆ గురువారం ఇంకా పెద్ద భయం. నాయన పోతానన్నాడు. పోకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు, ఈ ఒక్కటీ కానీ అని బతిమాలాడు. నన్నెప్పుడూ బతిమాలిన మనిషి కాదు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

ఇంటికి వచ్చాక కొత్త కత్తి గుడ్డ విప్పాను. కండ్లు మూసుకోమన్నాను. కత్తి పిడిని ఆయన అరచేతిలో పెట్టి, పదును పైకుందా కిందికుందా చెప్పమన్నాను. ఆయన పిడిని వేళ్ళతో నొక్కి నొక్కి చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. కిందికుందన్నాడు. కండ్లు తెరిచి చూసుకుంటే పదును ఆకాశం వైపుంది. ఆయన ఆ కత్తిని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. కందూరి రోజు పొట్టేలు ఎందుకు అరిచిందో అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. ఆ అరుపును నేను వినలేదు గానీ, ఆయన వింటూనే ఉన్నాడని ముఖం చూస్తే తెలిసింది.

గురువారం పోయాడు. నేనూ పోయాను, ఆయన చేయి పట్టుకుని. అది ఆయన ఎత్తే. కండ్లు సరిగ్గా ఆనడం లేదని రైతుతో చెప్పాడు. కండ్లు పోవడం మర్యాద గల జబ్బు, ఎవరూ దూరం జరగరు. రైతు అయ్యో అన్నాడు. పక్కూరి సాయిబును పిలిపించారు. నాయన గుడ్డ విప్పి కొత్త కత్తి ఆయన చేతిలో పెట్టాడు. ఒక్క వాటున పని అయిపోయింది. పొట్టేలుకు తెలిసే లోపలే అయిపోయింది. ఇట్లాంటి కత్తిని తాను ఎప్పుడూ పట్టలేదని ఆ సాయిబు అందరి ముందూ చెప్పి, మెడ తునకలో సగం నాయనకే ఇచ్చాడు. నాయన దాన్ని ఇంటికి తెచ్చాడు గానీ తినలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళు మేం ఆడిన నాటకం తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గూ కోపమూ రెండూ వస్తాయి. నెలనెలా కండ్లకు చూపించుకోవడానికని ఆదోని పోయేవాళ్ళం, చేతికి మాత్రలు తెచ్చుకునేవాళ్ళం. మధ్యలో మందు మార్చారు, కొత్త మాత్రలకు ఆయన ఒళ్ళు నల్లబడింది. ఊళ్ళోవాళ్ళు కంట్లో వేసుకోమని ఏవేవో పసర్లు తెచ్చిచ్చేవాళ్ళు. కండ్లు బాగా కనిపించే మనిషి, నలుగురి ముందు గడప తగిలినట్టు తూలేవాడు. నేను చేయి పట్టుకుని నడిపించేదాన్ని. ఎవరూ లేని సందులోకి రాగానే ఇద్దరం చేతులు విడిచేసేవాళ్ళం. పల్లెలన్నీ ఒక్కొక్కటే పక్కూరి సాయిబువయ్యాయి. కత్తి మాత్రం మాదే. ఆయన వచ్చి తీసుకుపోయి, కడిగి తిరిగి ఇచ్చేవాడు. నాయన దాన్ని సానరాయి మీద నూరి, పదును చూడమని నాకిచ్చేవాడు.

చివరికి రోగం పోయిందన్నారు డాక్టరు. మాత్రలు ఆపేయొచ్చన్నారు. స్పర్శ మళ్ళీ వస్తుందా అని నాయన అడిగాడు. రాదన్నారు. ముందే వచ్చి ఉంటే, కనీసం ఒక ఏడాది ముందు వచ్చి ఉంటే చేయి ఇంత దూరం పాడయ్యేది కాదేమో అన్నారు.

ఇంటికి వస్తుంటే నాయన వీధి చివర ఆగాడు. కొలిమాయన కత్తులు కూడా మంచివే కదా అన్నాడు నాతో. ఆ మాట ఎన్నేళ్ళుగా ఆయన లోపల తిరుగుతోందో. నేను వద్దన్నాను. క్షమించమని అడగాలంటే చేయి చూపించాలి, ఇన్నేళ్ళు దాచింది అంతా బయటపడుతుంది. ఆయన విన్లేదు. కొలిమి దగ్గరికి పోయి, ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ మొద్దు పీట మీద కూర్చున్నాడు. చొక్కా చేయి పైకి లాగి, తప్పు నీ కత్తులది కాదప్పా, నా చేతిది అన్నాడు.

కొలిమాయన తిత్తి ఊదడం ఆపాడు.

"నాకు ఆ పొద్దే తెల్సు సాయిబన్నా. ఆ రెండో కత్తిని సానబట్టి నేను నీళ్ళలో ముంచకముందే నువ్వు తీసుకుంటివి. కాక తగ్గక నేనే గుడ్డతో పట్టుకున్న ఇనుము, నువ్వు ఉత్త చేత్తో పట్టుకుని మొద్దుగా ఉండాదంటివి. నేనేమని సెప్పేది? నలుగురు కూసోనుండ్రి. నేను నోరు తెరిస్తే నిన్ను యాడ కూసోబెడ్తారో నాకు తెల్దా?"

నాయన ఏడ్చాడు. కొలిమాయన ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని అట్లాగే పట్టుకున్నాడు. తన పనితనానికి చెడ్డపేరు వస్తున్నా, గిరాకీలు పోతున్నా, నేను ముఖం తిప్పుకుని పోతున్నా నోరు విప్పని మనిషి ఆయన. కాళ్ళ మీద పడాలనిపించింది. అదే క్షణంలో, ఆ రోజే చాటుగా పిలిచి నాతోనైనా ఒక్క మాట చెప్పి ఉంటే మా నాయనకు ఆ ఏడాది మిగిలేది కదా అని అరవాలనిపించింది. రెండూ చేయలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

కొలిమాయన లేచి అటక మీది నుంచి ఒక గోనె సంచి మూట దించాడు. అందులో ఆ రెండు కత్తులూ ఉన్నాయి. ఎవరికీ అమ్మలేదు. నూనె రాసి దాచిపెట్టాడు. ఒకదాన్ని నాయన తీసుకుని అలవాటు కొద్దీ బొటనవేలు అంచు దాకా తీసుకుపోయి, ఆగి, నాకు అందించాడు.

"నువ్వు సూసి సెప్పు పాపా, పదునుందా?"

నేను వేలు పెట్టాను. అలా తాకించానో లేదో తెగింది. చురుక్కుమని నొప్పి పుట్టింది. వాళ్ళిద్దరూ నా ముఖం వైపే చూస్తున్నారు. ఉందని చెప్పడానికి బదులు తెగిన వేలు చూపించాను.